మా చేతిపనిని ఉన్నది ఉన్నట్లు రాయండి: జనగణన కమిషనర్ గారికి బహిరంగ లేఖ

భారత రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ గారికి,
న్యూఢిల్లీ.

అయ్యా,

2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా తీసుకొని జరిగే జనగణనలో ప్రతి మనిషి కులాన్నీ నమోదు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. 1931 తరువాత జనగణనలో దేశమంతటా అన్ని కులాలనూ లెక్కించడం ఇదే మొదటిసారి. ఈ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. నేను నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. 2001, 2011 జనగణనల్లో ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసినవాడిని. ఆ అనుభవంతో ఒక్క విషయం మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఈసారి ఒకే మనిషి గురించి కులమూ అడుగుతాం, పనీ అడుగుతాం. కులం వివరం జాగ్రత్తగా రాసి, పని వివరం తొందరలో రాస్తే, పుట్టిన కులాన్ని బట్టి పనినీ, చదివిన తరగతిని బట్టి పనితనాన్నీ ఊహించుకున్న పట్టికలు తయారవుతాయి. ఆ తరువాత పదేళ్లపాటు కూలీల కోసం, చేతివృత్తుల వారి కోసం వేసే ప్రతి పథకమూ ఆ పట్టికల మీదే నిలబడుతుంది. కాబట్టి పని చేసే మనిషి ఏ పని చేస్తున్నాడో, ఎవరితో కలిసి చేస్తున్నాడో, ఎక్కడ చేస్తున్నాడో ఉన్నది ఉన్నట్లు రాయించండి అన్నదే నా విన్నపం.

జనగణన మన శ్రామికులను ఎలా విభజిస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు గానీ, బహిరంగ లేఖ కనుక చదివేవారి కోసం చెప్పాలి. 1991 జనగణనలో శ్రామికులను తొమ్మిది రకాలుగా చూపారు. 2001 నుంచి ప్రధాన పట్టికల్లో నాలుగే రకాలు మిగిలాయి: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమలో పనిచేసేవారు, ఇతర శ్రామికులు. 2011లో దేశంలో పనిచేసేవారు 48.17 కోట్ల మంది అని తేలింది. అందులో సాగుదారులు 11.88 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు. పదేళ్ల ముందు 2001లో సాగుదారులు 12.73 కోట్లు ఉండగా వ్యవసాయ కూలీలు 10.68 కోట్లే. అంటే ఆ దశాబ్దంలో భూమి దున్నుకునేవారి కంటే కూలికి పోయేవారు ఎక్కువైపోయారు. గృహ పరిశ్రమ కింద నమోదైనవారు 1.83 కోట్లు, నూటికి నలుగురు కూడా కారు. మిగిలిన దాదాపు 20 కోట్ల మంది ‘ఇతరులు’. జిల్లా కలెక్టరు, బడిపంతులు, హైదరాబాదు అడ్డా మీద పనికోసం నిలబడ్డ మనిషి, తాపీ మేస్త్రి, మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోసే హమాలీ, అందరూ ఆ ఒక్క వరుసలోనే ఉన్నారు.

గృహ పరిశ్రమ అన్న నిర్వచనంలోనే మా ప్రాంతపు చేతివృత్తుల వారిలో చాలామంది జారిపోతారు. పల్లెలో అయితే ఇంట్లోగాని, ఊళ్లోగాని నడిపే పని కావాలి. పట్నంలో అయితే ఇంటి ఆవరణలోనే జరగాలి. పనిచేసేవారిలో ఎక్కువమంది ఆ ఇంటివారై ఉండాలి. నారాయణపేట పట్టణంలో సొంత మగ్గం లేక మరొకరి షెడ్డుకు పోయి చీర నేసే మనిషి ఈ లెక్కలో గృహ పరిశ్రమ కిందికి రాడు, ‘ఇతరుల’లో కలిసిపోతాడు. అదే చీరను, అదే రకం మగ్గం మీద, పక్క పల్లెలో సొంత ఇంట్లో నేసే మనిషి గృహ పరిశ్రమ కిందికి వస్తాడు. ఇద్దరికీ మాస్టర్ వీవరే నూలు ఇస్తాడు, ఇద్దరికీ చీర లెక్కనే మజూరీ కడతాడు. కానీ మన పట్టికలో వారిద్దరూ వేర్వేరు లోకాల మనుషులు.

ఆ ‘ఇతరుల’ను వృత్తులవారీగా విడదీయడానికి జాతీయ వృత్తుల వర్గీకరణ ఉంది. అందులో ఏడో విభాగం చేతివృత్తులది, తొమ్మిదో విభాగం ప్రాథమిక పనులది, అంటే ప్రభుత్వ భాషలో నైపుణ్యం అక్కరలేని కూలి పనులది. ఆ వర్గీకరణ నైపుణ్యాన్ని నాలుగు స్థాయిలుగా విడగొట్టి, వాటిని ప్రధానంగా చదువుకున్న సంవత్సరాలతో కొలుస్తుంది. పదేళ్ల వరకు చదువు మొదటి స్థాయి, 11 నుంచి 13 ఏళ్లు రెండో స్థాయి, 14, 15 ఏళ్లు మూడో స్థాయి, అంతకు మించితే నాలుగో స్థాయి. పనిలో నేర్చుకున్న నేర్పును పరిగణించే వీలు కూడా అందులో ఉందనీ, చేతివృత్తులను రెండో స్థాయిలోనే ఉంచారనీ నాకు తెలుసు. కానీ ఒక మనిషి ఏడో విభాగంలోకి పోతాడా, తొమ్మిదో విభాగంలోకి పోతాడా అన్నది ఢిల్లీలో తేలదు. గడపలో నిలబడి ఎన్యూమరేటర్ రాసిన రెండు మూడు మాటల దగ్గరే తేలిపోతుంది. ‘రాళ్లు చెక్కడం’ అని రాస్తే ఒక విభాగం, ‘కూలి పని’ అని రాస్తే ఇంకొకటి. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 55.04 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అతి తక్కువ. ఉమ్మడి నల్లగొండలో 64.20 శాతం. ఇట్లాంటి చోట చదువు రాదని చెప్పిన మనిషి పని గురించి రెండో ప్రశ్న వేయకుండా ‘కూలి’ అని రాసి ముందుకు పోవడం ఎంత సులువో చెప్పలేను. రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తి చేయాలన్న ఒత్తిడి కూడా అందుకు తోడవుతుంది.

మా గుట్టల్లో రాయి కొట్టే వడ్డెర మనిషిని చూడండి. బండ మీద ముందు సుత్తితో అక్కడక్కడ తట్టి మోత వింటాడు. లోపల పగులు ఉందో లేదో, రాయి ఎటువైపు లొంగుతుందో ఆ మోతను బట్టి నిర్ణయించుకుంటాడు. తరువాత గీత గీసి, గీత వెంట వరుసగా ఉలితో గుంటలు తీసి, వాటిలో ఇనుప చీలలు నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోతాడు. ఏ ఒక్క చీల మీద దెబ్బ ఎక్కువైనా బండ వంకరగా చీలి పొద్దంతా పడ్డ కష్టం వృథా అవుతుంది. సరిగ్గా పడితే నాలుగు మూలలూ తేరిన కడీ, అంటే రాతి స్తంభం, చేతికి వస్తుంది. ఈ పని ఏ బడిలోనూ చెప్పరు. తండ్రి పక్కన, మేనమామ పక్కన ఏళ్ల తరబడి ఉండి నేర్చుకోవలసిందే. ఆ మనిషి బడికి పోయిన సంవత్సరాలు సున్నా కావచ్చు. ఆ సున్నాను పనితనానికి కూడా వేయకండి.

నేత దగ్గరికి వస్తే విషయం ఇంకా లోతైనది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్, చండూరు ప్రాంతమంతా నూలుకు చిటికీ కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులద్ది నేసే ఇక్కత్ పనికి పేరుపడింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. బయటివారి కంటికి కనిపించేది మగ్గం మీద కూర్చున్న మనిషి ఒక్కడే. ఆ మగ్గం దాకా నూలు రావాలంటే ఎంతమంది చేతులు కావాలో లెక్క తీయండి: కండెలు చుట్టాలి, ఆసు పోయాలి, గీతలు గీసి రబ్బరుతో చిటికీ కట్టాలి, రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, మళ్లీ విప్పి మళ్లీ కట్టాలి, పడుగు సాపు చేయాలి, అచ్చు అతకాలి. వీటిలో సగానికి పైగా ఆడవారు చేసే పనులు. ఆసు అంటే మేకులు అర్ధచంద్రాకారంగా బిగించిన చట్రం. ఒక చివరనున్న మేకు నుంచి ఆ వరుసలోని ఒక్కొక్క మేకుకు నూలు చుడుతూ చేయి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు. తల్లి ఆ పనిలో భుజాల నొప్పితో బాధపడటం చూసి, ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రాన్ని తయారు చేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన బడి చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. చదువు సంవత్సరాలతో నైపుణ్యాన్ని కొలిచే పట్టిక ఆయనను ఎక్కడ ఉంచుతుందో ఆలోచించండి.

2011లో నేను చండూరు వైపు ఒక నేత ఇంటికి పోయాను. గుంటమగ్గం మీద భర్త, గోడవారగా ఆసు ముందు భార్య. మీరేం పని చేస్తారమ్మా అని ఆమెను అడిగితే, చేయి ఆపకుండానే, “నేనేం పని జేస్త సారూ, ఇంట్లనే ఉంట” అన్నది. మగ్గం మీద నుంచి ఆయన, “ఆమె ఆసు పొయ్యకుంటే నా మగ్గం నడ్వది సార్, రాసుకోండ్రి” అన్నాడు. కుటుంబ వృత్తిలో జీతం లేకుండా చేసిన పని కూడా పనే అని మా సూచనల పుస్తకంలో స్పష్టంగా ఉన్నది, ఆడవారి పని గురించి గుచ్చి గుచ్చి అడగాలని కూడా ఉన్నది. కాబట్టి ఆమె పని రాశాను. ఆ రాసిన మాట తుది పట్టికలో ఏమైందో నాకు తెలియదు. భర్త అట్లా నోరు విప్పని ఇళ్లు ఎన్నో ఉంటాయి. 1931 లెక్కల్లోనూ మనుషులను సంపాదించేవారు, పనిచేసే ఆశ్రితులు అని విడదీశారు. ఇంటి వృత్తిలో సగం బరువు మోసే ఆడమనిషి ఆశ్రితురాలు అయిపోవడానికి అప్పుడే దారి పడింది. తొంభై ఏళ్లు దాటినా ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019–20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రత్యేకంగా ఇంటింటికీ పోయి అడిగింది కాబట్టే దేశంలో 35.22 లక్షల మంది చేనేత పనివారు ఉన్నారనీ, వారిలో నూటికి 72 మంది స్త్రీలనీ తేలింది. చేనేత కాబట్టి ఆ మాత్రం లెక్క ఉంది. కుమ్మరి చక్రానికి మట్టి పిసికే ఆమెకు, మేదరి బుట్టకు వెదురు చీల్చి నునుపు చేసే ఆమెకు, కొలిమి తిత్తి ఊదే ఆమెకు అట్లాంటి గణన ఏదీ నాకు తెలిసి లేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. సంతోషమే. కానీ ఒక కుటుంబంలో ఒక్కరికే లబ్ధి అన్న నియమం పెట్టింది. భర్త పేరు ఎక్కితే భార్య పేరు ఎక్కదు. ఇంటి పని అంతా ఒక్క మగవాడిదే అన్న భావన లెక్కల నుంచి పథకంలోకి, పథకం నుంచి మళ్లీ లెక్కల్లోకి తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు కులం మాట. మా ఊళ్లలో వృత్తికీ కులానికీ తరతరాల బంధం ఉన్నది, దాన్ని ఎవరూ కాదనరు. పద్మశాలి అంటే మగ్గం, వడ్డెర అంటే రాయి, మన్ను, కమ్మరి అంటే కొలిమి, కుమ్మరి అంటే చక్రం. కానీ ఆ బంధం ఇప్పుడు ఎంత సడలిందో తెలుసుకోవడానికే కదా ఈ గణన. మా జిల్లా పద్మశాలి కుటుంబాలు భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయి మరమగ్గాల మీద కూలి చేస్తున్నాయి. వర్గీకరణ ప్రకారం వారు యంత్రం నడిపేవారే గాని చేతివృత్తి వారు కారు. ఇక్కడ ఉన్నవారి పిల్లలు హైదరాబాదులో వాచ్‌మన్లు, డెలివరీ బాయ్‌లు, సేల్స్‌మన్లు. మరోవైపు పోచంపల్లి చుట్టుపక్కల నేత కులాలకు చెందనివారు కూడా మగ్గం నేర్చుకున్నారు. తాపీ పని అయితే ఏ ఒక్క కులానిదీ కాదు. మాదిగ, మాల, ముదిరాజ్, లంబాడా, ముస్లిం ఇళ్లలోంచి వచ్చినవారు ఒకే గోడ కడతారు. ఎన్యూమరేటర్ కులం అడిగి, జవాబు విని, పని వివరం తానే పూర్తి చేసుకుంటే ఈ మార్పు అంతా మాయమవుతుంది. లెక్క తప్పుతుంది, అంతకంటే ఘోరంగా, కులవృత్తి ఇంకా చెక్కుచెదరలేదని ప్రభుత్వ ముద్రతో చెప్పినట్లవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి సర్వే ఫలితాల్లో వెనుకబడిన తరగతులు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని ప్రకటించింది. ఈ సంఖ్యల మీద వాదోపవాదాలు నడిచాయి. నాకు వాటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఆ 56 శాతంలో ఇంకా కులవృత్తి చేస్తున్నది ఎవరు, దాన్ని వదిలి కూలికి పోయింది ఎవరు, కూలి నుంచి వేరే నేర్పుకు ఎదిగింది ఎవరు? దీనికి జవాబు ఇవ్వగలిగింది మీ గణన ఒక్కటే.

వలస గురించి రాయకపోతే దక్షిణ తెలంగాణ నుంచి రాసిన లేఖ కాదు. పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలో పెద్ద పెద్ద ఆనకట్టలు కట్టిన చోటల్లా వినిపించింది. 1955 డిసెంబరులో నందికొండ దగ్గర పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట యంత్రాల బలంతో లేచింది కాదు, మనుషుల తలల మీద తట్టలతో లేచింది. ఇప్పటికీ మక్తల్, కొడంగల్, అచ్చంపేట, కల్వకుర్తి, మా దేవరకొండ తండాల నుంచి జనం బతకపోతూనే ఉన్నారు. గుంపుమేస్త్రి వచ్చి జంటకు ఇంత అని బయానా ఇస్తాడు. జంట అంటే భార్యాభర్తలు. మొగుడు తవ్వితే పెళ్లాం మోయాలి. పని కొలతను బట్టి కూలి కట్టి, ఆ కూలి మొగుడి చేతిలో పెడతారు. బయానా తీసుకునేటప్పుడు ఆమె లెక్కలో ఉంటుంది, కూలి అందుకునేటప్పుడు ఉండదు. గణనలోనైనా ఆమెకు వేరుగా ఒక పని, ఒక వరుస ఉండాలి.

ఈ వలస మనిషి ఎవరు అన్నది కూడా అడగవలసిన ప్రశ్న. ఊళ్లో అతనికి రెండెకరాలో మూడెకరాలో చెలక, అంటే వాన మీద ఆధారపడ్డ మెట్ట భూమి, ఉంటుంది. మృగశిరకు వచ్చి జొన్నలో, కందులో, పత్తో వేస్తాడు. దసరా, దీపావళి దాటాక తాళం వేసి పోతాడు. మళ్లీ ఉగాదికో, వానలకో వస్తాడు. ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు, లేదా అంతకు మించి పనిచేసినవారు ప్రధాన శ్రామికులనీ, ఎక్కువ కాలం చేసిన పనినే వారి పనిగా రాయాలనీ మన నియమం. ఆ లెక్కన అతని ప్రధానమైన పని నిర్మాణ కూలి కావచ్చు. కానీ ఏం పని అని అడిగితే వ్యవసాయం అనే అంటాడు. భూమి ఉన్నవాడిని అని చెప్పుకోవడంలో గౌరవం ఉంది, పట్టాదారు పాసుబుక్కు మీద వచ్చే సాయం ఉంది. అతను అబద్ధం చెప్పడం లేదు. రెండూ అతని పనులే. ఒక్క పనినే ప్రధానమని రాయించే ఫారంలో అతను సాగుదారుగా రాసుకుంటే దేశానికి ఒక కూలీ తగ్గుతాడు, కూలీగా రాసుకుంటే ఒక రైతు తగ్గుతాడు. భూమి లేని కూలీ వేరు, చెలక ఉండీ నీళ్లు లేక కూలికి పోయే మనిషి వేరు. వారి అప్పులు వేరు, ఊరితో వారికున్న సంబంధం వేరు, వారు పిల్లల చదువు గురించి ఆలోచించే తీరు కూడా వేరు. ఈ తేడా పట్టికల్లో కనిపించాలంటే ఏడాదిలో చేసిన రెండో పనిని కూడా, ఎన్ని నెలలు, ఎక్కడ అన్న వివరంతో రాయాలి.

అయ్యా, అన్నింటికంటే బరువైన చిక్కు కాలానిది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్క తీశాం. 28వ తేదీ రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించాం. ఈసారీ ఫిబ్రవరి నెలలోనే. పాలమూరు, దేవరకొండ తండాల్లో ఫిబ్రవరి అంటే తాళాల నెల. ముసలివాళ్లు, బడి పిల్లలు తప్ప ఇంట్లో ఎవరూ ఉండరు. గణన కాలమంతా బయట ఉన్నవారిని వారున్నచోటే లెక్కించాలన్నది నియమం, అది సరైనదే. కానీ వారున్నచోటు ఎట్లాంటిది? కొత్తగా కడుతున్న అపార్టుమెంటు సెల్లారులో రేకుల గది, వంతెన పక్కన టార్పాలిన్ గుడిసె, చెరకు తోట గట్టు. ఎన్యూమరేటర్ అక్కడికి పోతే మేస్త్రి ఎదురొచ్చి, అందరూ లేబరే, ఇంతమంది ఉన్నారు, రాసుకోండి అంటాడు. అంతటితో వారి ఊరు, కులం, నేర్పు, చదువు అన్నీ మేస్త్రి నోటి లెక్కగా మిగిలిపోతాయి. పైగా పరాయి రాష్ట్రంలో మా తండా పేరు గాని, కులం పేరు గాని ఏ రూపంలో నమోదవుతుందో చెప్పలేం.

ఇది మా వారు బయటికి పోవడం గురించి మాత్రమే కాదు. మిర్యాలగూడ మిల్లుల్లో బీహారు నుంచి వచ్చిన హమాలీలు, ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు, వరినాట్లకు వచ్చే ఉత్తరాది ముఠాలు ఇప్పుడు మా జిల్లాల్లో ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారిలో ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు కూలీలు. ఆ నలుగురూ జార్ఖండ్ వారు. దేశమంతటా మట్టి తవ్విన పాలమూరులోనే, పాలమూరు మట్టి కింద జార్ఖండ్ బిడ్డలు చిక్కుకున్నారు. వారి ఇళ్లవారు అక్కడ, వారు ఇక్కడ. ప్రమాదం జరిగితే తప్ప వారు ఎవరో, ఎక్కడివారో మనకు తెలియని పరిస్థితి ఉండకూడదు. 2020లో చేసిన వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అందులోని అంతర్రాష్ట్ర వలస కార్మికుల నిబంధనలు అట్లాంటి కార్మికులు పదిమంది, అంతకు మించి ఉన్న చోటికే వర్తిస్తాయి. దేవరకొండ నుంచి హైదరాబాదుకు పోయినవాడు రాష్ట్రం దాటడు కాబట్టి అతనికి ఆ నిబంధనలూ వర్తించవు. చట్టం కంటికి ఆననివారిని జనగణన అయినా చూడాలి.

వలస గురించి మన గణన అడిగేది ప్రధానంగా పుట్టిన ఊరు, ఇంతకుముందు ఉన్న ఊరు. ప్రతి ఏటా పోయి వచ్చే మనిషి ఈ ప్రశ్నలకు దొరకడు. 2007–08లో జాతీయ నమూనా సర్వే తన 64వ విడతలో ఏడాదిలో నెల రోజులకు పైగా, ఆరు నెలల లోపు ఉపాధి కోసం ఊరు విడిచిపోయారా అని అడిగింది. ఆ ప్రశ్నను, ఆరు నెలల పరిమితి తీసేసి, జనగణనలో ప్రతి ఇంట్లో అడిగించండి. ఊళ్లో ఇంటి దగ్గర ఉన్న ముసలివాళ్లను అడిగి బయటికి పోయినవారి వివరం రాసుకొని, వారు పోయిన చోట జరిగిన లెక్కతో సరిచూసే ఏర్పాటు చేయండి. ఈసారి ఎన్యూమరేటర్లు మొబైల్ యాప్‌లోనే రాస్తారు కాబట్టి కాగితాల కాలంలో సాధ్యం కానిది ఇప్పుడు సాధ్యమే. లేబర్ క్యాంపుల్లో మేస్త్రి జవాబును తీసుకోకూడదనీ, మనిషి మనిషినీ అడగాలనీ, ఆ క్యాంపు జనం మాట్లాడే భాష తెలిసినవారిని తోడు పంపాలనీ లిఖితంగా ఆదేశించండి.

యాప్ గురించి ఇంకొక మాట. కాగితం మీద అయితే ఎన్యూమరేటర్ తనకు తోచిన మాట రాసేవాడు. యాప్‌లో పనుల జాబితా ఇచ్చి అందులోంచి ఎంచుకోమంటే, జాబితాలో లేని పని ఈ దేశంలో లేనట్లే అవుతుంది. ఆసు పోయడం, చిటికీ కట్టడం, అచ్చు అతకడం, కండెలు చుట్టడం, బండ చీల్చడం, కడీలు తీయడం, సెంట్రింగ్ కట్టడం, బావి తవ్వడం, ఈత చాపలు అల్లడం, డప్పుకు తోలు బిగించడం: ఇట్లాంటి పేర్లు తెలుగులో, మా ఊళ్లలో పలికే తీరులోనే ఆ జాబితాలో ఉండాలి. వాటికి ఎదురుగా వర్గీకరణ సంఖ్యను మీ కార్యాలయంలోని నిపుణులే ముందుగా కేటాయిస్తే, ఎన్యూమరేటర్ తొందర వల్ల మనిషి తొమ్మిదో విభాగంలోకి జారిపోవడం ఆగుతుంది. ‘కూలి’ అన్న మాటను ఎంచుకుంటే, ఏం కూలి, ఏ పనిముట్టుతో, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న ప్రశ్నలు తరువాత తప్పనిసరిగా రావాలి. కులం అడిగే ప్రశ్నకంటే పని అడిగే ప్రశ్న ముందే వచ్చేలా వరుస పెడితే, కులాన్ని బట్టి పనిని ఊహించే అలవాటుకు చాలా వరకు అడ్డుకట్ట పడుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

సేకరించిన వివరాలు ఎప్పుడు బయటికి వస్తాయన్నది కూడా ముఖ్యమే. 2011 వలస పట్టికల్లో ముఖ్యమైనవి 2019 దాకా వెలువడలేదు. ఈ మధ్యలో ఎనిమిదేళ్లలో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది, 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి, పాలమూరు ఒక్కటి నాలుగైంది, 2019లో నారాయణపేట కలిసి ఐదైంది. లెక్కలు చేతికి వచ్చేనాటికి ఆ హద్దులతో ఆ జిల్లాలే లేవు. ఈసారి కులం, వృత్తి, చదువు, భూమి, వలస వివరాలను కలిపి చూపే పట్టికలను మండల స్థాయిలో, వ్యక్తుల గోప్యతకు భంగం లేకుండా, గణన ముగిసిన రెండేళ్లలోగా ప్రచురిస్తామని ముందే ప్రకటించండి. 1961 జనగణనలో మీ శాఖ ఎంపిక చేసిన గ్రామాల మీద, చేతివృత్తుల మీద ప్రత్యేక అధ్యయనాలు చేయించి పుస్తకాలుగా వేసింది. అంత శ్రద్ధ చూపిన శాఖకు ఇది అసాధ్యం కాదు.

తెలుగు పనుల జాబితా తయారు చేయడానికి హైదరాబాదులోని మీ జనగణన కార్యాలయం పూనుకుంటే, మా ప్రాంతంలో పాత ఎన్యూమరేటర్లు, విశ్రాంత ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మండలాల వారీగా పని పేర్లు, పనిముట్ల పేర్లు, ఆ పనుల్లో ఎవరెవరి చేతులు పడతాయో సేకరించి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం. ఎన్యూమరేటర్ల శిక్షణ మొదలయ్యేలోగా ఆ జాబితా పూర్తయితే చాలు. అందుకు ఎవరిని కలవాలో తెలియజేయమని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా.